కాసులపేరులో ఒక కాసు

మొన్న సంక్రాంతికి ఏలూరు వెళ్ళాను. కనుమనాడు మధ్యాహ్నం, అందరూ గారెలూ పులుసూ తిని తలో మూలా నడుం వాల్చిన వేళ, మా తమ్ముడి మనవడు నన్ను పెరట్లోకి పిలిచాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అమ్మమ్మా, తాతగారికి చెప్పకేం! పెద్ద కారు గేరు వేస్తుంటే గరగరమంటోంది" అన్నాడు.

వరసకి నేను వాడికి అమ్మమ్మని. వాడికి పదిహేడేళ్ళు. వాడన్న పెద్ద కారుకి యాభై అయిదు దాటాయి. అది మా నాన్నగారు 1969లో కొన్న అంబాసిడరు, మార్క్ టూ. ముందురోజు రాత్రి ఇంటిల్లిపాదీ పేకాటలో మునిగి ఉండగా వీడు ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని దాన్ని బైపాసు రోడ్డుదాకా తీసుకెళ్ళి తెచ్చాడట. హైదరాబాదులో వాళ్ళ నాన్న కారుని అపార్టుమెంటు ఆవరణలో ముందుకీ వెనక్కీ తిప్పడం వీడికి అలవాటేనట. ఆ కారుకి గేర్లు మార్చే పనే లేదు, తనంతట తనే మార్చుకుంటుంది.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు గొంతులోనే ఆగిపోయింది. 1974 వేసవిలో ఇదే పెరట్లో, ఇదే నూతి గట్టు దగ్గర మా తమ్ముడు నాతో అన్న మాట కూడా ఇదే. "అక్కా, నాన్నగారికి చెప్పకు." నేను చెప్పలేదు. చెప్పకపోవడానికి ఎంత ఖర్చయిందో, ఆ ఖర్చు ఎవరి పద్దులో పడిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. కాస్తంటే కాస్త కాదు, 1888 దాకా.

ఎందుకంటే, నాన్నకి చెప్పకుండా కారు తియ్యడం అనే ఆచారం కారుతోపాటే పుట్టింది. జర్మనీలో కార్ల్ బెంజ్ అనే ఆయన 1886లో తన మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. బండి బాగానే ఉంది గాని కొనేవాళ్ళు లేరు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఆయన భార్య బెర్తా, పదిహేనేళ్ళ కొడుకునీ పదమూడేళ్ళ కొడుకునీ వెంటబెట్టుకుని, మొగుడికి తెలియకుండా బండిని బయటికి తీసింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి ప్రయాణం. నూరు కిలోమీటర్ల పైమాటే. పుట్టింటికి వెళ్ళాలనుకున్న ఆడదాన్ని ఎవరాపగలరు చెప్పండి!

దారిలో ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే, టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. వైరు ఒరుసుకుపోతే మేజోటి పట్టీ చుట్టింది. ఇంధనం అయిపోతే ఒక మందులషాపులో మరకలు తీసే ద్రావకం కొని పోసింది. గొలుసు సాగిపోతే కమ్మరి చేత సరిచేయించింది. దిగుడు దారుల్లో కొయ్య బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. బ్రేకు లైనింగు అనేది పుట్టింది ఆ ప్రయాణంలోనే అంటారు. ఎత్తు వచ్చిన చోటల్లా పిల్లలు దిగి తోశారు. చేరగానే మొగుడికి తంతి కొట్టింది. కొద్దిరోజుల్లో అదే బండిలో తిరిగివచ్చి ఎక్కడ ఆగిందో, ఏది అరిగిందో, ఏ ఎత్తు ఎక్కలేకపోయిందో పూసగుచ్చినట్టు చెప్పింది. అది విని ఆయన ఎత్తులెక్కడానికి బండిలో ఇంకో గేరు పెట్టాడు. ఆవిడ ఏదీ దాచలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

అక్కడ అలా మొదలైన కారు మన దేశం చేరి, మధ్యతరగతి వాకిట్లోకి వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది. 1928లో జనరల్ మోటార్స్ వాళ్ళు బొంబాయిలో కర్మాగారం పెట్టారు గాని, అది ఓడల్లో వచ్చిన భాగాల్ని ఇక్కడ బిగించడమే. 1942లో బిర్లాల హిందూస్తాన్ మోటార్స్ పుట్టింది. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ గారి ప్రీమియర్ ఆటోమొబైల్స్ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో ప్రభుత్వం, ఉత్తి బిగింపులు చాలు, భాగాలు కూడా ఇక్కడే తయారుచేసేవాళ్ళే ఉండండి అంది. అమెరికా కంపెనీలు మూటాముల్లె సర్దుకున్నాయి. చివరికి మనలాంటివాళ్ళు కొనదగ్గ కార్లు మూడంటే మూడు. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో తయారయ్యే అంబాసిడరు, బొంబాయి ఫియట్టు, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డు. అంబాసిడరు అసలు రూపం ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు. మనవాళ్ళు ఆ నమూనా తెచ్చుకుని 1957లో మొదలుపెట్టి, ముందు జాలీ, వెనక దీపాలూ మారుస్తూ, ఒంటిని మాత్రం అలాగే ఉంచి 2014 దాకా చేస్తూనే ఉన్నారు. మా తమ్ముడు పుట్టిందీ 1957లోనే. "నాకూ దీనికీ ఒకటే వయసు" అని వాడు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు. ఒళ్ళు మాత్రం దానిది మారలేదు, వీడిది మారింది.

కార్లు తక్కువ, కావాలన్నవాళ్ళు ఎక్కువ. డబ్బు కట్టి పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ప్రభుత్వం కట్టిన ధరకి కొత్తకారు దొరకదు కాబట్టి, ఏడాది వాడిన కారుని కొత్తదాని కంటే ఎక్కువకి అమ్ముకున్నవాళ్ళు ఉండేవారు. ఇప్పటి పిల్లలకి చెబితే మనకి మతి పోయిందనుకుంటారు. మా నాన్నగారు ప్లీడరు. నేను హైస్కూల్లో ఉండగా పేరు రాయించిన కారు నేను పి.యు.సి. చదువుతుండగా ఇంటికొచ్చింది. ఆరోజు మా అమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, ఎదురుగా కొబ్బరికాయ కొట్టించింది. వెనక అద్దానికి 'రన్నింగ్ ఇన్' అని కాగితం అంటించుకుని నాన్నగారు మొదటి అయిదు వందల మైళ్ళూ ముప్ఫై దాటనివ్వలేదు. ఎద్దులబండి వాళ్ళు మమ్మల్ని దాటి వెనక్కి తిరిగి చూసేవారంటే అది అబద్ధం గాని, సైకిళ్ళవాళ్ళు దాటిన మాట నిజం.

డ్రైవరుని కూడా పెట్టారు. మేం పిల్లలం డ్రైవరు తాత అనేవాళ్ళం. నిజానికి అప్పటికి ఆయనకి యాభై కూడా ఉండవు, జుట్టు నెరిసింది అంతే. రెండో ప్రపంచయుద్ధంలో మిలిటరీ లారీ నడిపిన మనిషి. గేరు మారిస్తే మాకు తెలిసేది కాదు. మా అమ్మ చేతిలో పాలగిన్నె పెట్టుకుని వెనక కూర్చుంటే ఒక చుక్క తొణికేది కాదు.

ఆ నేర్పు ఎందుకంటారా? అక్కడే ఉంది అసలు సంగతి. గేర్లంటే పళ్ళ చక్రాలు. ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు రెండిటినీ కలపబోతే పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. వాటి వేగాల్ని ముందు సమానం చేసి తర్వాత కలిపే ఏర్పాటుని 1928లో అమెరికాలో కాడిలాక్ కారులో పెట్టారు. దాన్ని సింక్రోమెష్ అంటారు. మా అంబాసిడరులో ఆ ఏర్పాటు రెండో గేరునుంచే. మొదటి గేరుకి లేదు. కారు పూర్తిగా ఆగితేనే మొదటి గేరు వెయ్యాలి, లేదా క్లచ్చు రెండుసార్లు తొక్కి మధ్యలో ఎక్సలేటరు తగుపాటి ఇచ్చి కలపాలి. డ్రైవరు తాతకి అది వెన్నతో పెట్టిన విద్య. పదిహేడేళ్ళ కుర్రాడికి అంత ఓపిక ఎక్కడిది?

1974 మే నెలలో నాన్నగారు కోర్టు పనిమీద హైదరాబాదు వెళ్ళారు. డ్రైవరు తాత సెలవు పెట్టి కూతురింటికి వెళ్ళాడు. తాళాలు గోడ మేకుకి వేలాడుతున్నాయి. మా తమ్ముడు నలుగురు స్నేహితుల్ని వేసుకుని ద్వారకా తిరుమల వెళ్ళాడు. దైవదర్శనానికి వెళ్ళినవాణ్ణి ఏమంటాం! దర్శనం ఎంత భక్తిగా చేసుకున్నారో నాకు తెలీదు గాని, ఆ చిన్నకొండ ఎక్కడం మాత్రం చాలా భక్తిగా చేశార్ట. ఎత్తు మధ్యలో ఆపడం, మళ్ళీ బయల్దేరడం, వెనక్కి జారకుండా సగం క్లచ్చు మీద నిలబెట్టడం, వెనకనించి వాళ్ళు ఈలలు వేస్తుంటే ఎక్సలేటరు మీద నిలబడటం. దిగేటప్పుడు కొండ పొడుగునా బ్రేకు మీద కాలు.

సగం క్లచ్చు అంటే ఏమిటో మనకి తేలిగ్గా అర్థమయ్యేట్టు చెప్తాను. ఇంజనువైపు ఒక బిళ్ళ ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. గేర్లవైపు ఇంకో బిళ్ళ. దానికి రెండుపక్కలా గరుకైన తాపడం. పూర్తిగా అతుక్కుంటే రెండూ కలిసి తిరుగుతాయి, అరుగుదల లేదు. పూర్తిగా విడిపోయినా అరుగుదల లేదు. అటూ ఇటూ కాకుండా సగం ఆన్చి ఉంచారా, సాన మీద గంధపు చెక్క పెట్టినట్టే. సానలో గంధమన్నా మిగులుతుంది, ఇక్కడ మాడు వాసన మిగులుతుంది. అలాగే నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. కొండ పొడుగునా తొక్కిపట్టి దిగితే లోపల పొయ్యి మీద మూకుడులా కాలిపోయి, చివరికి ఎంత తొక్కినా పట్టవు. కిందికి దిగేటప్పుడే గేరు తగ్గించుకుని ఇంజను చేతే బండిని పట్టించాలని డ్రైవరు తాత అనేవాడు. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజనుని బుర్రున రొదపెట్టించకూడదు అని కూడా అనేవాడు. లోపల నూనె ఇంకా పైకి చేరదు, లోహం లోహాన్ని గీరుకుంటుంది. ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటే, ఆయన మా తమ్ముడికి చెబుతుంటే వెనక సీట్లో కూర్చుని నేను విన్నాను. వాడు వినలేదు.

సాయంత్రానికి కారు షెడ్డులోకి వచ్చేసింది. ఒక గీత లేదు, ఒక సొట్ట లేదు. తమ్ముడు నాకు కొండమీంచి డజను గాజులు తెచ్చి, నూతి గట్టు దగ్గర ఆ మాట అడిగాడు. పచ్చగాజులు, మీద చుక్కలు. నేను తీసుకున్నాను.

పాత కారుతో వచ్చే చిక్కు ఇదే. ఇది ఆరోజే చెప్పదు. కొత్త కుర్రాడు గుద్దేస్తే ఎవరు గుద్దారో లోకమంతా చూస్తుంది. క్లచ్చు తాపడం సగం అరగదీసి, మొదటి గేరు పళ్ళు నాలుగు కొరికించి, తెచ్చి బుద్ధిగా షెడ్డులో పెడితే కారు ఆ లెక్కని మనసులో పెట్టుకుంటుంది. మళ్ళీ ఎప్పుడో, ఎవరి చేతిలోనో ఉండగా బయటపెడుతుంది.

మా కారు నెలన్నర ఆగింది. జూన్ నెలాఖర్లో నాకు పెళ్ళిచూపులు. మగపెళ్ళివారు రైలు దిగారు. డ్రైవరు తాత తెల్లని చొక్కా వేసుకుని స్టేషనుకి వెళ్ళి నలుగురు పెద్దవాళ్ళనీ ఎక్కించుకుని వస్తుంటే, కాలువ వంతెన ఎత్తు దగ్గర ఇంజను అరుస్తుందే గాని కారు కదలదు. గేరు మార్చబోతే కటకటా పళ్ళు నూరింది. చివరికి రెండు రిక్షాలు మాట్లాడి వాళ్ళని తీసుకొచ్చారు. కాబోయే మామగారి పంచె మీద రిక్షా చక్రం గ్రీజు మరక. మా నాన్నగారి మొహం చూడాల్సిందే. (ఆ సంబంధమే కుదిరింది లెండి. రిక్షాలో వచ్చినాయన ఇప్పుడు పక్కగదిలో పేపరు చదువుకుంటున్నారు.)

వాళ్ళు వెళ్ళగానే నాన్నగారు డ్రైవరు తాతని వీధి అరుగు దగ్గర నిలబెట్టి, "ఇన్నేళ్ళ అనుభవం ఏమైందయ్యా? బండిని ఇలా తగలేస్తావా?" అన్నారు. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు, ఏమీ అనలేదు. మర్నాటినుంచి రానక్కర్లేదన్నారు. తమ్ముడు మేడమీద ఉన్నాడు. నేను కిటికీ వెనక ఉన్నాను. చేతికి గాజులున్నాయి.

విజయవాడ ఆటోనగరునుంచి మేస్త్రీ వచ్చి విప్పాడు. క్లచ్చు ప్లేటు, ప్రెషరు ప్లేటు, బేరింగు, మొదటి గేరు చక్రం, బ్రేకు లైనర్లు. ఫ్లైవీలు గీతలు పడిందని లేతు మీద పట్టించాలన్నాడు. మా అమ్మ పద్దుల పుస్తకం నా దగ్గరే ఉంది. అందులో "కారు రిపేరు 412-50" అని ఉంది. ఆ కిందే "కాసు 1 అమ్మకం" అని ఉంది. ఆ ఏడు కాసు బంగారం నాలుగు వందల ప్రాంతంలో ఉండేది. ఇవాళ్టి ధర ఇక్కడ రాయను, కళ్ళు తిరుగుతాయి. 1973 చివర్లో అరబ్బు దేశాల యుద్ధంతో చమురు ధర కొద్దినెలల్లోనే నాలుగింతలయింది. అప్పటికే పెట్రోలుకి జడిసి మేం కారుని వారానికి రెండురోజులు తీస్తున్నాం. నాన్నగారి ఫీజులు ఒక నెల వస్తే రెండు నెలలు రావు. ఎదురుగా నా పెళ్ళి. అందుకని అమ్మ తన కాసులపేరులోంచి ఒక కాసు విడదీయించి ఇచ్చింది. మరుసటేడు నా పెళ్ళికి ఆ కాసులపేరు నాకే పెట్టారు. ఎడంపక్క పదమూడు, కుడిపక్క పన్నెండు. ఎవరూ లెక్కపెట్టరు గదా. నాకు మాత్రం మెళ్ళో వేసుకున్నప్పుడల్లా కుడిపక్క తేలిగ్గా ఉన్నట్టు అనిపించేది.

మగపిల్లలు కార్లు పాడుచెయ్యడం మన దేశపు గొప్పేమీ కాదు. అమెరికాలో ఇది ఒక చరిత్రే. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కాలిఫోర్నియా కుర్రాళ్ళు 1932 నాటి ఫోర్డు కార్లని చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకి, ఇంజన్లు మార్చి, ఎండిన సరస్సుల మీద పందేలు వేసుకునేవారు. హాట్ రాడ్లు అంటారు వాటిని. 1979 నుంచి 1985 దాకా అక్కడి టీవీలో ఇద్దరు కుర్రాళ్ళు కారు గాల్లో ఎగరేసే సీరియల్ ఒకటి వచ్చింది, డ్యూక్స్ ఆఫ్ హజార్డ్ అని. దానికోసం పదేళ్ళనాటి డాడ్జ్ చార్జర్ కార్లు మూడువందల దాకా తుక్కు చేశారని చెబుతారు. కారు నేల మీద పడగానే చట్రం వంగిపోయేది, మళ్ళీ పనికొచ్చేది కాదు. అవన్నీ తుక్కయ్యాక మిగిలినవాటి ధర ఆకాశానికి పోయింది, అది వేరే తమాషా. అయితే అక్కడికీ ఇక్కడికీ ఒక తేడా ఉంది. హాట్ రాడ్ కుర్రాడు చాలాసార్లు తన పార్టుటైము జీతంతో కొన్న చవక కారుని తనే పాడుచేసుకున్నాడు. మనదగ్గర కారు కుర్రాడిది కాదు, ఇంటిది. ఏళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్నది. దానికి దెబ్బ తగిలితే అమ్మ మెడలో తెలుస్తుంది.

పాడుచెయ్యకుండా ఉండాలంటే నడపకుండా ఉంచాలి అనుకోకండి మళ్ళీ. హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకోబోయి, 1911లో ఆయన పోయాక వచ్చిన రోల్స్ రాయిస్ ఒకటి చౌమహల్లా పాలెస్‌లో ఉంది. పసుపు రంగు, లోపల సింహాసనం లాంటి సీటు. దశాబ్దాలు గడిచినా అది తిరిగింది మూడు వందల పైచిలుకు మైళ్ళేనట. దాన్ని కూడా మళ్ళీ నడిచేట్టు చెయ్యడానికి బోలెడంత శ్రమపడి బాగుచేయించాల్సి వచ్చింది. నిలబడ్డ కారుకి రబ్బరు ఎండుతుంది, నూనె గడ్డకడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. కుర్రాళ్ళు నయమా ఎలుకలు నయమా అంటే నేను ఆలోచించి చెప్పాలి.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి కారు తాళాలు ఇచ్చిన నాటినుంచి మన నడక మారింది. తేలికైన బండి, చిన్న ఇంజను, చేతి పక్కన పొట్టి గేరు కడ్డీ. వేలితో తోస్తే గేరు పడుతుంది. దానిమీద నేర్చుకున్న తరం అంబాసిడరు ఎక్కితే, స్టీరింగు కిందనున్న పొడుగాటి గేరు కడ్డీని చూసి, ఇది ఏనుగు, దీనికేమవుతుంది అనుకునేవారు. మందమైన రేకు, ఎక్కడైనా బాగుచేసే మేస్త్రీ, ఎప్పుడైనా దొరికే సామాను. ఎన్ని దెబ్బలు తిన్నా మళ్ళీ లేచేది కాబట్టి దానికి నొప్పి ఉండదనుకున్నారు. కొందరు ఆడవాళ్ళ గురించి కూడా ఇలాగే అనుకుంటారు, ఆ మాట అలా ఉంచండి. మారుతి వచ్చాక అంబాసిడరు ప్రభుత్వ ఆఫీసులకీ టాక్సీలకీ పరిమితమయింది. 2014 మేలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ మూశారు. 2017లో ఆ పేరుని కూడా ఎనభై కోట్లకి ఫ్రెంచి కంపెనీ ప్యూజో కొనుక్కుంది. బొంబాయిలో ఫియట్టు వంశానికి చెందిన పద్మినీ టాక్సీల్లో చివరిది 2023 అక్టోబరుతో రోడ్డు దిగింది. ఇప్పుడు అంబాసిడరు గేరు చక్రం పోతే కొత్తది చేసేవాడు లేడు. తుక్కు బజార్లలో వెతుక్కోవాలి, దొరికినవాడు చెప్పిందే ధర.

మా నాన్నగారు 1991లో పోయారు. కారు తమ్ముడికి వచ్చింది. అప్పటికి వాడు బ్యాంకు ఆఫీసరు, మెత్తగా నడుపుతాడు. డ్రైవరు తాతలాగే పాలగిన్నె తొణకనివ్వడు. ఎప్పుడు మారాడో నాకు తెలీదు. నాన్నగారి మాసికాలు అయ్యాక ఒకరోజు నాకు ఉత్తరం రాశాడు, "అక్కా, దెందులూరులో ఆయన్ని కలిశాను" అని. పేరు రాయలేదు. రాయక్కర్లేదు.

కూతురింట్లో ఉన్నాడట, చూపు మందగించింది. తమ్ముడు వెళ్ళి, ఆరోజు కారు కొండెక్కించింది తనేనని చెబితే, "క్లచ్చు మాడిన వాసన నాకు తెలవదా బాబూ? సెలవు నుంచి వచ్చి షెడ్డు తలుపు తియ్యగానే తెలిసింది" అన్నాట్ట. మరి నాన్నగారితో ఎందుకు చెప్పలేదంటే, "చెబితే నమ్మేవోరా? సొంత బిడ్డని కాదని నా మాట నమ్మేవోరా?" అన్నాట్ట. తమ్ముడికి నోట మాట రాలేదు. కాసేపయ్యాక, నీకు నేనేం ఇవ్వను అని అడిగితే ఆయన మొహమాటపడలేదు. "మూడు నెల్లు ఖాళీగా కూకున్నాను. నెలకి నూట పాతిక. అదిప్పించండి" అన్నాడు. తమ్ముడు రెండు వేలు చేతిలో పెడితే, అందులోంచి మూడు వందల డెబ్బై అయిదు కూతురి చేత లెక్కపెట్టించి బొడ్లో దోపుకుని, "ఇది నాది. మిగతాది మీరిస్తే తీసుకుంటాను" అన్నాట్ట. తీసుకున్నాడు కూడా.

ఆ మూడు వందల డెబ్బై అయిదూ మా అమ్మ పద్దుల పుస్తకంలో లేవు. నేను తర్వాత పెన్సిలుతో రాశాను. గాజుల సంగతి ఎక్కడ రాయాలో తెలియలేదు.

ఇవన్నీ పెరట్లో నిలబడి మనవడికి చెప్పానని అనుకోకండి. అంత ఓపిగ్గా వినే వయసు కాదది. వాడి చెయ్యి పట్టుకుని, "పద, తాతగారి దగ్గరికి" అన్నాను. వాడు, "అమ్మమ్మా, ప్లీజ్" అన్నాడు. నేను వదల్లేదు. డెబ్బై దాటినా నా పట్టు గట్టిదే.

తమ్ముడు వీధి అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. మనవడు నేల చూపులు చూస్తూ చెప్పాడు. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. కోప్పడతాడనుకున్నాను. వాడి కోపానికి కారణాలున్నాయి మరి. 2019 సవరణ చట్టం ప్రకారం మైనరు కుర్రాడు బండి నడుపుతూ తప్పు చేసి దొరికితే సంరక్షకుడికీ యజమానికీ మూడేళ్ళ దాకా జైలు, ఇరవై అయిదు వేల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పైగా 2021లో వచ్చిన నిబంధనలతో యాభై ఏళ్ళు దాటిన కారుని వింటేజి బండిగా నమోదు చేయించుకోవచ్చు. కానీ ఇంజను, బాడీ, చట్రం పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. తమ్ముడు ఆ కాగితాల కోసం తిరుగుతున్నాడు. ఇప్పుడు ఎడాపెడా ఇంకేదో కారు సామాను అతికిస్తే ఆ తిరుగుడంతా గంగపాలు.

చివరికి తమ్ముడు అడిగింది ఒక్కటే. "బండి కదులుతుండగా మొదటి గేరు ఎన్నిసార్లు వేశావు?"

"రెండుసార్లు. కాదు, మూడు."

"క్లచ్చు మీద కాలు?"

"అక్కడే ఉంచాను తాతగారూ."

మర్నాడు మేస్త్రీని పిలిపించాడు. పాత మేస్త్రీ కొడుకు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు ఎత్తకుండానే, "ఎవరండీ నడిపింది? కొత్త డ్రైవరా?" అన్నాడు. తమ్ముడు జవాబు చెప్పలేదు, మనవడి వైపు చూశాడు. వాడు కాసేపు గేటు వైపు చూసి, "నేనేనండీ" అన్నాడు.

గేరు పెట్టె దింపి చూస్తే పళ్ళు మరీ ఎక్కువ పోలేదు, అంచులు మొద్దుబారాయి. క్లచ్చు ప్లేటు మాత్రం మార్చాల్సిందేనన్నాడు. తమ్ముడు అమ్మ పద్దుల పుస్తకం నా దగ్గర్నుంచి అడిగి తీసుకుని, వెనక ఖాళీగా ఉన్న పేజీలో మనవడి చేతే రాయించాడు, ఎంత, దేనికి, ఎవరివల్ల అని. వాడి తెలుగు అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. ఈ వేసవి సెలవుల్లో మేస్త్రీ షెడ్డులో పదిహేను రోజులు పనిచెయ్యాలని ఒప్పందం. వాళ్ళ అమ్మ ఒప్పుకోవాలింకా.

ప్లేటు కలకత్తాలో ఎవరి దగ్గరో ఉందట, పంపిస్తామన్నారు. ఇది రాసే వేళకి ఇంకా రాలేదు.